ఉక్కునకు యశదపు పూత: రేకు కొనువారు అడుగవలసిన ప్రశ్న

విశాఖపట్టణమునకు ఉత్తరమున భీమునిపట్టణము మొదలుకొని దక్షిణమున పరవాడ, అచ్యుతాపురము, రాంబిల్లి, నక్కపల్లి వరకు గల తీరగ్రామముల రైతులకు ఇనుముతో నిత్యము పోరాటమే. పశువుల సాలమీది రేకు, కాయగూరల పందిరి తీగ, మోటారు గది తలుపు, తోట చుట్టును గల ముండ్లతీగ, వీనిలో ఏదియు ఉప్పుగాలిని తప్పించుకొనజాలదు. చోడవరము, మాడుగుల వైపువారు పదునైదేండ్లు వాడుకొనదగిన రేకు సముద్రపు హోరు వినవచ్చు చోట నాలుగైదేండ్లకే ఎర్రబారును. ఇందులో వింత లేదు. వింత వేరొకటి కలదు. ఒకే గ్రామములో, ఒకే యేట, ఒకే మందముగల రేకులను కప్పించుకొనిన ఇరుగుపొరుగువారిలో ఒకరి కప్పు రెండేండ్లకే తుప్పుచారలు దేరుటయు, రెండవవారిది మరి రెండు మూడేండ్లు చెక్కుచెదరకుండుటయు సంభవించుచుండును. కొన్ననాడు రెండును ఒక్కతీరుననే మెరసియుండును. కారణము వ్యాపారి మోసమని కొందరు, అదృష్టమని కొందరు చెప్పుదురు. పెక్కుచోట్ల కారణము ఇంతకంటె సామాన్యమైనది. ఆ రెండు రేకులమీద గల యశదపు బరువు వేరువేరు. ఆ బరువు ఎంతయని కొనునపుడు అడుగువారు అరుదు.

యశదము క్రొత్త వస్తువు కాదు. వాడుకలో దానినే జింకు అనుచున్నాము. మన పెద్దలు తుత్తునాగమనిరి. వరి ఆకులపై తుప్పురంగు మచ్చలు పడి పైరు గిడసబారినపుడు మనము చల్లు జింకు సల్ఫేటులో నున్న లోహము ఇదియే. ఇత్తడి బిందెలో రాగితో కలిసియున్నదియు ఇదియే. దీనిని ఖనిజమునుండి బట్టీపట్టి తీయు విద్య రాజస్థానములోని జావరు గనులయందు అనేక శతాబ్దముల క్రిందటనే, ఐరోపాలో ఆ పని ఆరంభము కాకమునుపే, పెద్దయెత్తున సాగినది. మన విశాఖపట్టణముననే 1977 మొదలు హిందుస్థాన్ జింకు సంస్థవారి యశద కర్మాగారము పనిచేసి, 2012లో మూతపడినది.

ఇనుము గాలిలోని ప్రాణవాయువుతోను నీటితోను కలిసి తుప్పగును. ఈ తుప్పు గుల్లయైనది. ఉబ్బి పొరలుపొరలుగ రాలిపోవును. రాలినచోట క్రొత్త ఇనుము బయటపడి మరల తుప్పుపట్టును. ఉప్పు దీనికి రెండు విధముల తోడ్పడును. గాలిలోని తేమను పీల్చి లోహముమీద తడి ఆరకుండ చేయును. ఆ తడిలో విద్యుత్తు సులభముగ పారునట్లు చేసి తుప్పును త్వరపరచును. యశదము కూడ గాలికి మారునదే. కాని దాని మార్పు వేరు తీరున నుండును. మొదట తెల్లని పదార్థమై, పిమ్మట గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, బూడిదరంగుగల గట్టి పొరయై లోహమును అంటిపెట్టుకొనియుండును. ఆ పొర క్రింద నున్న యశదము మిక్కిలి మెల్లగ మాత్రమే అరుగును. క్రొత్తరేకు కొన్ని నెలలలో మెరుపు తగ్గి బూడిదవర్ణము దాల్చినంతనే పాడైపోయినదని దిగులుపడువారు గలరు. వాస్తవమునకు అది రేకు స్థిరపడిన గుర్తు.

అయినను ఇనుమును కప్పియుంచుట మాత్రమే యశదము చేయు పని యైనచో రంగు పూసినను సరిపోవును గదా! రంగునకు లేని గుణమొకటి దీనికి కలదు. మిరపచేని చుట్టును, వేరుసెనగ చేని గట్లమీదను మనము ఆముదపు మొక్కలు వేయుచుందుము. పొగాకు లద్దెపురుగు తల్లి ముందుగ ఆముదపు ఆకునే వెదకికొని గ్రుడ్లుపెట్టును. ఆముదము దొరకునంతకాలము అసలు పైరు చాలవరకు బ్రతికిపోవును. ఇనుము ప్రక్కన యశదము ఇట్టి యెరపంటయే. ఈ రెండు లోహములును తాకియుండి, రెంటిమీదను తడి యున్నపుడు వాని నడుమ సన్నని విద్యుత్ప్రవాహము పుట్టును. ఆ ప్రవాహములో యశదమే కరగిపోవును, ఇనుము నిలుచును. రేకుమీద మేకు గీచుకొని, ఇనుము సన్నని గీతగ బయటపడినను, ఇరుప్రక్కల నున్న యశదము ఆ గీతను కాపాడుచునే యుండును. రంగు పూసిన ఇనుముమీద అట్టి గీతయే పడినచో తుప్పు ఆ సందున దూరి రంగు క్రిందుగా ప్రాకిపోవును. అయితే ఎరపంటకును హద్దు గలదు. బయటపడినది ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పైన యశదము కాపాడగలదు. అరచేతి వెడల్పైన కాపాడజాలదు.

ఓడలవారు ఈ గుణమును బాగుగ నెరుగుదురు. విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలో 1948 మార్చి 14వ తేదీన నెహ్రూగారు జల ఉష అను ఓడను నీటిలోనికి దింపిరి. ఆ శాలవంటి చోట్ల ఉక్కు ఓడలను మరమ్మతునకు గట్టెక్కించినపుడు చూచినవారికి ఓడ అడుగున, ముఖ్యముగ కంచు చక్రమునకు దాపున, బిగించిన లోహపు దిమ్మలు కనబడును. అవి యశదపువిగాని అల్యూమినియమువిగాని అయియుండును. ఓడకు అవి బలమునీయవు, అందమునీయవు. సముద్రపు నీటికి తామే ఆహారమై అరిగిపోవుటకే వానిని బిగింతురు. అరిగినపుడు తీసి క్రొత్తవి వేయుదురు. మన రేకుమీది పూతను తీసి మరల వేయు వీలు లేదు. మొదట ఎంత పూసిరో అంతయే దానికి గల ఆయుర్దాయము.

ఈ పూత పూయుటలో ముఖ్యమైన పద్ధతి కరగిన యశదములో ఉక్కును ముంచుట. 1742లో ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త మలూయను అతడు ఈ ఉపాయమును అచటి విద్వత్పరిషత్తునకు తెలిపెను. 1837లో సోరెలను ఇంజనీరు దీనిని పనికివచ్చు పరిశ్రమగ తీర్చి హక్కుపత్రము పొందెను. గాల్వనైజు అను పేరు ఇటలీ శాస్త్రజ్ఞుడగు గాల్వానీ పేరుమీద వచ్చినది. ఆయనకు ఈ పూతతో నేరుగ సంబంధము లేదు, విద్యుత్తుతోనే సంబంధము. ముంచుపని చూచుటకు తేలికగ కనబడినను, దాని మంచిచెడ్డలన్నియు ముంచుటకు ముందు జరుగు శుద్ధిలోనే యున్నవి. ఉక్కు వస్తువును మొదట క్షారజలములో కడిగి జిడ్డు పోగొట్టుదురు. పిమ్మట ఆమ్లములో నానవేసి తుప్పును, కొలిమిపొట్టును తొలగింతురు. మరల నీట కడిగి, యశదము, నవాసాగరము చేరిన లవణద్రావకములో ముంచి ఆరబెట్టుదురు. ఈ లవణము ఉక్కుమీద మరల మలినము చేరకుండ చేసి, కరగిన యశదము చక్కగ పట్టుటకు తోడ్పడును. ఇక ముంచు తొట్టి. యశదము సుమారు 420 డిగ్రీల వేడికి కరగును. తొట్టిలో దానిని 450 డిగ్రీలకు దాపున నుంతురు. వస్తువు అందులో కొద్ది నిమిషములుండును. ఆ కొద్దిసేపటిలో ఇనుమును యశదమును ఒండొంటిలో కలిసి మిశ్రలోహపు పొరలు ఏర్పడును. లోపలి పొరలలో ఇనుము పాలు హెచ్చు, వెలుపలికి వచ్చుకొలది యశదము హెచ్చు, అన్నింటికంటె పైన కేవల యశదము. అందుచేతనే ఈ పూత అంటించినట్లుగాక ఉక్కులోనుండి మొలిచినట్లుండును. లోపలి మిశ్రమపు పొరలలో కొన్ని మామూలు ఉక్కుకంటె గట్టివి. పూత బాగుగ పట్టిన స్తంభమును లారీనుండి దింపునపుడు తగిలిన చిన్న దెబ్బలకు అది ఊడిరాదు.

ఉక్కులో సిలికాను పాలు కొన్ని హద్దులలో నున్నపుడు మిశ్రమపు పొర పైదాక పెరిగి వస్తువు మెరుపులేక మసక బూడిదరంగున వచ్చును. కొనువారు దీనిని తక్కువ సరకని త్రోసివేయుదురు. నిజమునకు అట్టివానిమీద పూత తరచుగ ఎక్కువ మందముగ నుండును. ఇందుకు విరుద్ధముగ, విద్యుత్తొట్టిలో చల్లగ పూసిన మేకులు, బోల్టులు, సన్నతీగలు కన్ను చెదరునట్లు మెరయును. వానిమీది యశదము సాధారణముగ ముంచుపూతలో పదవవంతునకు మించదు. మెరుపును చూచి బేరము చేయువాడు ఈ రెండు చోట్లను నష్టపోవును.

ఇచట రైతులు గ్రహింపవలసిన భేదమొకటి గలదు. విద్యుత్తు తీగలను మోయు కోణపు ఇనుప స్తంభములు మన పొలములగుండ పోవుచున్నవి. వానిని ముక్కలుగ కోసి, రంధ్రములు చేసి, ఆ పిమ్మట ఒక్కొక్క ముక్కను తొట్టిలో ముంచుదురు. రేకు అట్లు కాదు. మైళ్ళకొలది పొడవుగల పలుచని ఉక్కుపట్టీ చుట్టనుండి విడివడి, పరుగున యశదపు తొట్టిలో మునిగి లేచును; లేచినవెంటనే గాలికత్తులతో మిగులు యశదమును ఊదివేసి, కోరినంత పలుచన చేయుదురు. కావున రెంటిని గాల్వనైజు అనియే పిలిచినను వానిమీది యశదములో బహుభేదము గలదు. భారత ప్రమాణసంస్థవారి 4759వ సంఖ్యగల ప్రమాణము ప్రకారము 5 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందముగల ఉక్కు నిర్మాణములమీద చదరపు మీటరు తలమునకు 610 గ్రాముల యశదముండవలెను. 2 మొదలు 5 మిల్లీమీటర్లలోపు వానికి 460 గ్రాములు, 2 మిల్లీమీటర్లకు తక్కువవానికి 340 గ్రాములు. రేకులకు వర్తించు ప్రమాణము 277వది. అందులో 120, 180, 220, 275, 350 మున్నగు తరగతులు గలవు. ఇచటనే చిక్కు గలదు. రేకుమీద 275 అని యున్నచో అది క్రిందివైపు, పైవైపు రెండును కలిపిన బరువు. ఒక్కొక్క వైపున నుండునది అందులో సగము, అనగా 137 గ్రాములకు కొంచెము పైన. 610 గ్రాముల స్తంభముతో దీనిని పోల్చునపుడు ఈ సగమునే పోల్చవలెను.

ఈ బరువులను ఆయుష్షుగ మార్చుట కష్టము కాదు. చదరపు మీటరుకు 7 గ్రాముల చిల్లర యశదమున్నచో పూత మందము ఒక మైక్రాను, అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఈ లెక్కన 120 తరగతి రేకుకు ఒక్కొక్క వైపున 8 మైక్రానులకు కొంచెము పైన, 275 తరగతికి 19 మైక్రానులు, 610 గ్రాముల స్తంభమునకు 85 మైక్రానులు. గాలి క్రూరత్వమునుబట్టి యశదము ఏడాదికి ఎంత అరుగునో అంతర్జాతీయ ప్రమాణములలో తరగతులు కట్టియున్నారు. సముద్రపు తుంపరగాలి బలముగ తగులు చోట ఏటికి 4 మొదలు 8 మైక్రానుల వరకు. ఒక మోస్తరు ఉప్పుగాలి గల తీరప్రాంతమున 2 మొదలు 4 వరకు. లోపలి పల్లెలలో, కర్మాగారపు పొగ లేనిచోట, చాలవరకు 2 మైక్రానులలోపు. అలలు విరుగు తీరమునుండి లోపలికి పోవుకొలది గాలిలోని ఉప్పు త్వరత్వరగ తగ్గును. మొదటి కిలోమీటరులోనే ఎంతయో భేదము కనబడును. దీనినిబట్టి అలల అంచున 120 తరగతి రేకుమీది యశదము ఒకటి రెండేండ్లలో ముగియును. 275 తరగతిది రెండున్నర మొదలు నాలుగున్నర యేండ్లు వచ్చును. 610 గ్రాముల స్తంభము పది మొదలు ఇరువది యేండ్లు. లోపలి పల్లెలో 275 తరగతి రేకు కనీసము తొమ్మిదేండ్లు వచ్చును, తరచుగ అంతకు రెట్టింపు వచ్చును. ఇవి అందాజు లెక్కలే. వర్షము తగిలి ఉప్పు కడుగుకొనిపోవు పైకప్పుకంటె, వాన సోకక ఉప్పు పేరుకొను చూరు అడుగుభాగమే ముందు చెడుటయు గలదు.

ఎక్కువ పూతకు ఎంత ఎక్కువ యిచ్చుట న్యాయమో కూడ తూచుకొనవచ్చును. 100 చదరపు మీటర్ల కప్పునకు 120 తరగతికిని 275 తరగతికిని గల భేదము 15½ కిలోల యశదము. ఆనాటి యశదపు ధరతో దీనిని గుణించి, రేకుల ధరలోని భేదముతో సరిచూచుకొనిన వ్యాపారి అడుగునది సబబో కాదో తేలిపోవును. కూలి, వాసాలు, బోల్టులు రెండు కప్పులకును ఒక్కటియే యని మరువరాదు. తీరమునకు మిక్కిలి చేరువ నున్నవారికి మాత్రము 275 కూడ చాలదని మా యభిప్రాయము. వారు యశదముమీద కాల్చిన రంగుపూత గల రేకునుగాని, అల్యూమినియము, యశదము కలిపిన పూత గల రేకునుగాని చూచుకొనుట మేలు. ఈ రెండవదానిలో నూటికి 55 పాళ్ళు అల్యూమినియమే. అది తేలికైన లోహము గనుక దానిమీద 150 అని యున్న అంకెను యశదపు రేకు అంకెతో సరిపోల్చరాదు. మరియు పశువుల సాలలో మూత్రపు ఘాటునకు అల్యూమినియము తాళజాలదు.

మనకు పెద్ద ఉక్కు కర్మాగారము చేరువనే యున్నది గనుక రేకులును అక్కడివే యని భావించుట పొరపాటు. విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీగారు పునాదిరాయి వేసిరి. 1992 ఆగస్టు 1వ తేదీన పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేసిరి. అచట తయారగునవి కడ్డీలు, తీగచుట్టలు, కోణపు ఇనుము మున్నగు పొడవు సరకులు. ఆ తీగచుట్టలను కొని సన్నముగ సాగదీసి యశదములో ముంచువారు వేరు. కోణపు ఇనుమును స్తంభములుగ చేసి ముంచువారు వేరు. కావున ఉక్కు మంచిదను మాట పూత మంచిదను మాటకు హామీ కాదు. తీగలలోను తేలికపూత, దళసరిపూత అను తరగతులు గలవు. కాకర, బీర పందిరులకు తీగ కొనువారు సన్నము, లావు మాత్రమే చెప్పి తరగతి చెప్పకున్న తేలికపూతయే చేతికి వచ్చుట సహజము. పందిరి రాతిస్తంభము పదికాలములు నిలుచును. దానికి తేలికపూత తీగ కట్టి మూడవ యేట కాపుమీద నుండగ పందిరి క్రుంగుట పెట్టుబడి దండుగ.

ఇక పూతను పరీక్షించుట. ఇందుకు రసాయనశాల కావలసిన పనిలేదు. 10 సెంటీమీటర్ల చదరముగల రేకుముక్కను కోయించి, బంగారుపనివారి ఎలక్ట్రానిక్ తూకములో తూచి బరువు వ్రాసికొనవలెను. నీటిలో హైడ్రోక్లోరికు ఆమ్లమును కలిపి అందులో ముక్కను వేసిన వెంటనే బుడగలు ఉధృతముగ లేచును. యశదము ముగియగనే ఆ పొంగు స్పష్టముగ తగ్గును. అప్పుడే ముక్కను తీసి కడిగి, తుడిచి, ఆరబెట్టి మరల తూచవలెను. తరిగిన గ్రాములను 100చే గుణించిన చదరపు మీటరు రేకుమీది మొత్తము యశదము తేలును. 275 తరగతి ముక్క 2.75 గ్రాములు తరుగవలెను; 1.2 గ్రాములు మాత్రమే తరిగినచో అది 120 తరగతి. ఒక ముక్కతో తీర్పు చెప్పరాదు. రేకు రెండు అంచుల దాపునను నడుమను ఒక్కొక్కటి తీసి సగటు కట్టవలెను. ఆమ్లమునే నీటిలో పోయవలెనుగాని నీటిని ఆమ్లములో పోయరాదు. లేచు వాయువు మండునది. దీపము, చుట్ట, బీడీ చేరువనుండరాదు. ఈ పనిని ఉన్నత పాఠశాల రసాయనశాస్త్రపు ఉపాధ్యాయుని యెదుట చేయించుట ఉత్తమము. రంగురేకునకు ఈ పరీక్ష పనికిరాదు.

తీగకు వేరొక పరీక్ష గలదు. బోర్డో మిశ్రమములో సున్నము చాలినదో లేదో తెలియుటకు తోమిన కత్తిని ముంచి చూచుట తోటల రైతులెరిగినదే. సున్నము చాలనిచో కత్తికి రాగి ఎర్రగ అంటును. ఈ రాగి గుణమునే ఇచటను వాడుదురు. మైలతుత్తపు ద్రావకములో తీగముక్కను ఒక్కొక్క నిమిషము చొప్పున ముంచి, ప్రతిసారి కడిగి తుడిచి చూడవలెను. యశదము ఉన్నంతసేపు పట్టునది తుడిచిన పోవు నల్లని మసి మాత్రమే. యశదము అయిపోయిన చోట మాత్రము మెరయు రాగి గట్టిగ అంటి, తుడిచినను పోదు. ఎన్నవ మునుగునకు రాగి పట్టినదో, ఒక్కచోటనే ముందుగ పట్టినదో చూచిన పూత సమముగ నున్నదో లేదో తెలియును. బరువెంతయో దీనివలన సరిగ తెలియదు. చేతిలో నిముడు అయస్కాంతపు మందముకొలత యంత్రము గూడ గలదు. స్తంభముమీదను, గొట్టముమీదను ఆనించినంతనే మైక్రానులు చెప్పును. ఒక్క రైతు దానిని కొననక్కరలేదు, సంఘము ఒకటి యుంచుకొనిన ఊరందరికి సరిపోవును.

మంచిరేకు కొని చేజేతుల చెడగొట్టుకొనుటయు తరచుగ జరుగుచున్నది. క్రొత్తరేకులను కట్టగట్టి వానలోనో మంచులోనో పెట్టినచో రేకుల నడుమ చేరిన నీటికి గాలి తగులక, పైన చెప్పిన గట్టి బూడిదపొర ఏర్పడదు. తెల్లని బూజువంటిది పుట్టి కొలది వారములలోనే పూతను తినివేయును. కట్టను చూరు క్రింద, నేలకు ఎత్తుగ, ఒకవైపు వాల్చి యుంచవలెను. యూరియా, అమ్మోనియం సల్ఫేటు బస్తాలను రేకుగోడకు చేరవేయరాదు. పశువుల మూత్రపు తడియు, తడిసిన ఎరువులును, పచ్చిసున్నమును యశదమునకు శత్రువులే. బోర్డో మిశ్రమమును గాల్వనైజు బకెట్టులో కలుపువారు పైన చెప్పిన మైలతుత్తపు పరీక్షను తమ బకెట్టుమీద చేయుచున్నారన్నమాట. చింతపండు పులుసు, మజ్జిగ, కల్లు మొదలగు పులిసిన పదార్థములను ఇట్టి పాత్రలలో నిలువయుంచుట ఆరోగ్యమునకును చెరుపు; యశదము అందులో కరగి వాంతులు కలుగజేయును.

ఎక్కువ నష్టము వచ్చునది బోల్టువద్ద. మంచిరేకునకు విద్యుత్తొట్టి పూతగల తళతళలాడు బోల్టు వేసినచో ముందు బోల్టు తుప్పుపట్టి, రంధ్రము చుట్టును తడి నిలిచి రేకు తినబడి, రంధ్రము వెడల్పగును. ఎండకాలమున ఇది కనబడదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీదనే తీరము దాటినపుడు వేలకొలది విద్యుత్ స్తంభములు కూలినవి, రేకుల కప్పులు అనేకము లేచిపోయినవి. అట్టి గాలికి క్రొత్తకప్పులైనను నిలుచుట కష్టమే. అయినను రంధ్రములు తుప్పుతిని సాగిన రేకునకు అంత గాలి యక్కరలేదు. బోల్టులు, వాషరులు ముంచుపూతవే అడుగవలెను. రాగి తీగతో రేకును కట్టుట, రాగి గొట్టపు నీరు దానిమీద కారనిచ్చుట కూడదు.

ఊరి వెల్డింగు పనివారితో గాల్వనైజు గొట్టములను అతికించినపుడు అతుకుచోట పూత మాడిపోవును. అచట తీగకుంచెతో శుభ్రముగ రుద్ది, యశదపు పొడి హెచ్చుగ గల రంగును రెండు పూతలు వేయవలెను. వెండిరంగు పూసినంత మాత్రమున కంటికి మరుగుపడునేగాని రక్షణ కలుగదు. ఆ మాడిన పొగ పీల్చిన పనివానికి ఆ రాత్రి చలిజ్వరము వచ్చును. పాలు త్రాగిన విరుగునను నమ్మకము గలదుగాని దానికి ఆధారము లేదు. ఆరుబయట, గాలివాలునకు ప్రక్కగ నిలిచి పనిచేయుటయే ఉపాయము. అంతకంటె మేలైనది ద్వారబంధమునో, గేటునో నల్ల ఇనుముతో ముందు పూర్తిగ చేయించి, పిమ్మట మొత్తమును ముంచుటకు పంపుట. అట్లు పంపునపుడు మూసిన గొట్టములకు రెండు చివరలను రంధ్రములు చేయించి తీరవలెను. లోపల చిక్కిన గాలి, తడి 450 డిగ్రీల వేడికి ఆవిరియై వ్యాకోచించి గొట్టము బాంబువలె ప్రేలును; తొట్టివద్దనున్నవారి ప్రాణములకే ముప్పు. రంధ్రములు లేని గేటును ముంచువారు త్రిప్పి పంపివేయుట అందుచేతనే.

క్రొత్త గాల్వనైజు రేకుమీద మామూలు నూనెరంగు వేయువారు అది ఏడాదిలో పెచ్చులూడుట చూచి రంగును నిందింతురు. నూనెయు యశదమును కలిసి సబ్బువంటి పదార్థమై రంగును ఎత్తివేయును. దానికి తగిన మొదటిపూత వేరుగ అమ్ముదురు. అది వేసిన పిమ్మటనే రంగు వేయవలెను.

సంఘము తరఫున కలిపి కొనునపుడు ఆర్డరు కాగితములో ఈ మాటలుండవలెను: రేకు మందము ఇంత, 277వ ప్రమాణము, తరగతి 275, లేక తీరమునుబట్టి అంతకు పైన, బోల్టులు, వాషరులు ముంచుపూతవి, తీగ యైనచో దళసరిపూత, తయారీదారు పరీక్షాపత్రము సరకుతోకూడ రావలెను, తరగతి ముద్ర కట్టమీద కనబడవలెను. ఒంటరిగ నాలుగు రేకులు కొను రైతు అడిగిన వ్యాపారి నవ్వి త్రోసివేయవచ్చునుగాని, నూరు కప్పులకు ఒక్కసారి కొను సంఘము అడిగినచో ఆ పత్రము తప్పక వచ్చును. లారీ వచ్చిననాడు కట్టలు విప్పించి, నడుమ తడి చేరినదేమో చూచి, ఏదో యొక కట్టనుండి రేకొకటి తీసి మూడు ముక్కలు కోయించి తూచిన పిమ్మట కార్యదర్శి బిల్లుమీద సంతకము చేయవలెను.